పెద్దమనిషి దొంగ కథ రాయాలంటే విలన్‌తో మొదలుపెట్టండి

మంచి బట్టలు, మెత్తని మాట, పోలీసుల్ని ఆటపట్టించే ధైర్యం, దుర్మార్గుల సొమ్ము లాగి బాధితుల చేతిలో పెట్టే మనసు. ఇలాంటి హీరో గురించి చదివినప్పుడల్లా మనమూ ఒకటి రాయాలనిపిస్తుంది. తీరా మొదలుపెట్టాక నాలుగైదు పేజీల్లో కథ ఆగిపోతుంది. హీరో బావుంటాడు, మాటలూ బావుంటాయి, కానీ అతనికి చేయడానికి పనే ఉండదు.

ఈ రకం కథకి పునాది హీరో కాదు, విలన్. చట్టం చెయ్యి అందని చోట కూర్చున్న విలన్ దొరికితే హీరో వేసే ప్రతి అడుగుకీ అర్థం వస్తుంది. అలాంటివాడు దొరక్కపోతే, ఎంత స్టైలుగా రాసినా మన హీరో మామూలు దొంగగానే మిగిలిపోతాడు. అందుకే ఈ మార్గదర్శిలో విలన్ దగ్గర మొదలుపెట్టి ఆఖరి పేజీ దాకా ఒకే ఉదాహరణ కథని కట్టుకుంటూ వెళ్దాం. పక్కనే మీ కథకి నోట్సు రాసుకోండి.

రాసేముందు: పాతవాళ్ళు నేర్పిన మూడు పాఠాలు

1898లో ఇంగ్లండ్‌లో ఇ.డబ్ల్యు. హార్నంగ్ అనే రచయిత రాఫిల్స్ అనే పాత్రని ఒక పత్రికలో పరిచయం చేశాడు. పగలు పేరున్న క్రికెట్ ఆటగాడు, కాపురం లండన్‌లోని ఆల్బనీ అనే ఖరీదైన భవనంలో, రాత్రి పని తాళాలు తీయడం. హార్నంగ్ ఎవరో కాదు, షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ చెల్లెలి భర్త. 1899లో వచ్చిన మొదటి రాఫిల్స్ పుస్తకాన్ని డాయిల్‌కే అంకితమిచ్చాడు. డాయిల్ ఆ కథల పనితనాన్ని మెచ్చుకున్నాడు కానీ, నేరస్తుణ్ణి హీరోని చేయడం ప్రమాదమని 1924లో తన ఆత్మకథలో రాశాడు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రాఫిల్స్ చాలావరకు తన కోసమే దొంగిలిస్తాడు. తన కోసం దొంగిలించేవాణ్ణి పాఠకుడు కొంతసేపు ఆనందంగా చూస్తాడు, తర్వాత ఎప్పుడు దొరుకుతాడా అని ఎదురుచూస్తాడు. హార్నంగ్ కూడా చివరికి అతన్ని దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి పంపి అక్కడే చంపాడు.

1905లో ఫ్రాన్స్‌లో మారిస్ లెబ్లాంక్ అర్సేన్ లూపిన్‌ని తెచ్చాడు. మొట్టమొదటి కథలోనే హీరో పోలీసులకి దొరికిపోతాడు! ఇది చాలా గొప్ప ఎత్తు. ఓడిపోయినా ఆకర్షణ తగ్గని హీరో అని ఒక్క దెబ్బతో తేలిపోయింది. జైలు గోడ కూడా అతని తర్వాతి ఆటకి వేదికైంది.

మూడోవాడు లెస్లీ చార్టరిస్. 1907లో సింగపూర్‌లో పుట్టాడు. తండ్రి చైనీయుడు, తల్లి ఆంగ్లేయురాలు. 1928లో అతను సృష్టించిన సైమన్ టెంప్లర్, అంటే 'సెయింట్', ఈ రకం కథలన్నిటికీ లెక్క సరిచేశాడు. సెయింట్ గురిపెట్టేది పోలీసులకి చిక్కని మోసగాళ్ళని, బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ళని, మనుషుల్ని పీల్చి బతికేవాళ్ళని. రాబట్టిన సొమ్ములో పది శాతం 'వసూలు ఖర్చు' కింద తీసుకుని మిగతాది దానధర్మాలకో బాధితులకో ఇచ్చేస్తాడు. తల మీద వెలుగు వలయం ఉన్న చిన్న గీతల బొమ్మ అతని గుర్తు. 1962 నుంచి 1969 దాకా రోజర్ మూర్ నటించిన టీవీ సిరీస్ 118 ఎపిసోడ్లు నడిచింది. డాయిల్ అభ్యంతరానికి నిలబడే జవాబు సెయింట్ కథల్లోనే ఉందని నా నమ్మకం. హీరో చేసేది నేరమే అయినా, ఎవరి మీద చేస్తున్నాడో చూశాక మన మనసు అతనివైపే మొగ్గుతుంది. మనమూ ఆ దారిలోనే వెళ్దాం.

మొదటి మెట్టు: చట్టానికి అందని దుర్మార్గం వెతకండి

బ్యాంకు దోచినవాడు, హత్య చేసినవాడు ఇక్కడ పనికిరారు. వాళ్ళని పట్టుకోవడానికి పోలీసులున్నారు. వాళ్ళు పట్టుకోగలిగితే మన హీరో ఎందుకు? మనకి కావలసినవాడు సంఘంలో గౌరవంగా తిరిగేవాడు. కాగితాల మీద తప్పు దొరకదు. బాధితులు ఫిర్యాదు చేద్దామన్నా "నువ్వే సంతకం పెట్టావు కదా" అనే మాట ఎదురవుతుంది.

మన ఉదాహరణలో విలన్ పాత కళాఖండాలకి విలువ కట్టే నిపుణుడు. సొంత వేలం హాలు కూడా ఉంది. ఇంట్లో ఉన్న పాత పెయింటింగ్ విలువెంతో తెలుసుకుందామని ఎవరైనా వస్తే, "ఇది నకలండీ, అసలు కాదు" అని సర్టిఫికెట్ రాసిస్తాడు. వచ్చినవాళ్ళ ముఖం వాడిపోతుంది. అప్పుడు జాలిపడినట్టు, "ఫ్రేమ్ బావుంది, దానికోసం నేనే తీసుకుంటాలెండి" అని కొద్ది డబ్బు చేతిలో పెడతాడు. కొన్నాళ్ళకి అదే పెయింటింగ్ అతని వేలం హాల్లో అసలుదిగా కనబడుతుంది.

ఈ విలన్‌లో మూడు విషయాలు గమనించండి. ఒకటి, అతను ఎవరినీ బెదిరించడు, జనం వాళ్ళంతట వాళ్ళే అమ్ముతారు. రెండు, అతని ఆయుధం అతని మాటకున్న విలువ. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ ఆయుధాన్ని అతని మీదకే తిప్పొచ్చు. కత్తితో బతికేవాణ్ణి హీరో కత్తితో కొడితే అది గొడవ. అబద్ధపు సర్టిఫికెట్‌తో బతికేవాణ్ణి ఆ సర్టిఫికెట్‌తోనే కూల్చితే అది కథ. మీ విలన్ గురించి ఒక వాక్యం రాసుకోండి: "ఇతను ఫలానా దానితో జనాన్ని ముంచుతాడు." ఆ 'ఫలానా' దగ్గరే మీ క్లైమాక్స్ ఉంటుంది. అది దొరికే దాకా రెండో మెట్టు ఎక్కకండి.

రెండో మెట్టు: బాధితురాలికి పని ఇవ్వండి

ఈ రకం కథల్లో ఎక్కువగా నలిగిపోయేది బాధితుల పాత్రే. మొదటి సీనులో ఏడుస్తారు, ఆఖరి సీనులో దణ్ణం పెడతారు, మధ్యలో కనబడరు. అలా చేస్తే హీరో చేసే సాయం ముష్టి వేసినట్టు ఉంటుంది.

మన కథలో ఆమె రిటైరైన టీచరు. తల్లి నుంచి వచ్చిన పెయింటింగ్ అమ్ముకుంది. డబ్బు పోయినందుకు కాదు ఆమె బాధ. "మా అమ్మ జీవితాంతం ఒక నకలుని చూసి మురిసిపోయిందా?" అన్నది ఆమెని తినేస్తోంది. బాధ ఇంత సొంతంగా ఉండాలి. డబ్బు పోయిన బాధ అందరిదీ ఒకేలా ఉంటుంది, ఇలాంటిది ఒక్కరిదే. ఇంకో సంగతి కూడా ఇక్కడే నాటుకోండి. ఆమె మాటల మధ్యలో, "ఆ సర్టిఫికెట్‌కి ఫీజు నేనే కట్టాను. అమ్మేటప్పుడు రసీదు రాయాలని అడిగి తీసుకున్నాడు, మళ్ళీ ఇవ్వలేదు" అంటుంది. ఆ ఒక్క మాట మీదే కథంతా నడుస్తుందని పాఠకుడికి అప్పుడే తెలియకూడదు.

ఆఖరి సీనులో మాట్లాడేది కూడా ఆమే. అదెలాగో కాసేపట్లో చూద్దాం.

మూడో మెట్టు: హీరో దాటని గీత గీయండి

ఇప్పుడు హీరో దగ్గరికి వద్దాం. కోటు, కారు, చిరునవ్వు తర్వాత చూసుకోవచ్చు. ముందు అతను చేయని పనుల జాబితా రాయండి. బీదవాడి దగ్గర తీసుకోడు. నౌకరు ఉద్యోగం పోయేలా చేయడు. ప్రాణం తీయడు. చేసిన సాయానికి బదులు ఏమీ అడగడు. నాలుగు చాలు. అయితే వీటిలో కనీసం ఒకటి ఈ కథలో పరీక్షకి రావాలి. గీత ఉందని చెప్పి దాని జోలికే వెళ్ళకపోతే అది ఉన్నా లేనట్టే.

మన కథలో పరీక్ష ఇలా పెడదాం. వేలం హాలుకి రాత్రి కాపలా ఉండేది ఒక ముసలాయన. హీరో లోపలికి వెళ్ళడానికి తేలికైన దారి ఆయన తాళంచెవి కొట్టేయడమే. కానీ తెల్లారేసరికి ఆయన ఉద్యోగం పోతుంది. అందుకని హీరో తేలికదారి వదిలేసి, పైకప్పు మీదుగా ప్రమాదమైన దారి పట్టాలి. ఇక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. అతని మంచితనం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, ఆ మంచితనం వల్లే టెన్షన్ పెరుగుతుంది. హీరో గుణం అతనికి ఇబ్బంది తెచ్చిపెట్టినప్పుడే పాఠకుడికి దాని మీద నమ్మకం కుదురుతుంది.

ఇక ఆకర్షణ. "అతను చాలా ఆకర్షణీయంగా ఉన్నాడు" అని రాసి ప్రయోజనం లేదు. ఆకర్షణంటే ఎదుటివాళ్ళ మీద పెట్టే శ్రద్ధ. కాపలా ముసలాయన పేరు గుర్తుపెట్టుకుంటాడు. టీచరమ్మ మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాడు. విలన్‌ని పొగిడేటప్పుడు కూడా విలన్ నిజంగా గర్వపడే విషయాన్నే పొగుడుతాడు. ప్రమాదంలో ఉన్నప్పుడు గొంతు పెరగదు, ఇంకా నెమ్మదిస్తుంది. ఇవి సీన్లలో కనబడితే అతని కళ్ళ రంగు చెప్పకపోయినా ఫర్వాలేదు.

నాలుగో మెట్టు: పథకాన్ని వెనకనుంచి అల్లండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మొత్తం కథకి పదిరోజులు కేటాయించుకుంటే అందులో సగం దీనికే ఇవ్వండి.

ముందు ఆఖరి దెబ్బ ఏమిటో తేల్చుకోవాలి. మన విలన్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు ఉండాలి. వేలం హాలు నిండా జనం. టీచరమ్మ పెయింటింగ్ స్టాండు మీద ఉంది, అసలుదని ప్రకటించారు. పాట మొదలైంది. అప్పుడు టీచరమ్మ లేచి నిలబడి, "బాబూ, ఇది నకలని మీరే రాసిచ్చారు కదా?" అని సర్టిఫికెట్ చూపిస్తుంది. కింద అతని సంతకం. ఇప్పుడు విలన్ ఏమంటాడు? సర్టిఫికెట్ అబద్ధమంటే ఆమెని మోసం చేసినట్టు ఒప్పుకోవాలి. సర్టిఫికెట్ నిజమంటే హాల్లో ఉన్నవాళ్ళందరినీ మోసం చేస్తున్నట్టు. ఏ వైపు అడుగేసినా పోతాడు.

అప్పుడు వెనక వరసలోంచి హీరో నెమ్మదిగా ఒక తలుపు తెరుస్తాడు. "గుమాస్తా పొరపాటున జాబితాలో తప్పు రాసి ఉంటాడు లెండి. నకలైనా నాకు నచ్చింది. సర్టిఫికెట్‌లో ఉన్న ధరకి నేను తీసుకుంటాను." విలన్ ఆ తలుపులోంచి దూరక తప్పదు. కాదంటే, నకలుని అమ్మడానికి ఎందుకు బాధపడుతున్నాడని హాలంతా అడుగుతుంది. సుత్తి కింద పడుతుంది. తను ఇచ్చిన కొద్ది డబ్బుకే పెయింటింగ్ వదులుకుంటాడు. హీరో దాన్ని తీసుకెళ్ళి టీచరమ్మ గోడకి తగిలిస్తాడు. మీ అమ్మగారు చూసి మురిసింది అసలుదాన్నే అని కూడా చెబుతాడు.

ఇందులో పెయింటింగ్ దొంగతనమే లేదు, గమనించారా? పాఠకుడు మాత్రం పెయింటింగ్ మాయమవుతుందనే ఎదురుచూస్తుంటాడు. కళ్ళన్నీ ఒకచోట ఉన్నప్పుడు పని ఇంకోచోట జరగడం ఈ కథల ప్రాణం.

ఇప్పుడు వెనక్కి నడవండి. ఈ సీను జరగాలంటే సర్టిఫికెట్ టీచరమ్మ చేతిలో ఉండాలి. అది ఎక్కడుంది? విలన్ ఆఫీసు ఇనప్పెట్టెలో, రిజిస్టర్‌కి గుచ్చి ఉంది. ఎందుకు చింపేయలేదు? ఈ ప్రశ్న మీరు వేసుకోకపోతే పాఠకుడు వేస్తాడు. జవాబు విలన్ స్వభావంలోంచి రావాలి. ఎప్పుడైనా ఎవరైనా గొడవకొస్తే, "చూడండి, నకలని నమ్మే కొన్నాను" అని చూపించుకోవడానికి దాచుకున్నాడు. తన రక్షణకి దాచుకున్నదే తనని ముంచుతుంది. ఇలాంటి జవాబు దొరికినప్పుడు పథకం సరైన దారిలో ఉందని తెలుసుకోండి.

ఇంకో మెట్టు వెనక్కి. హీరో ఇనప్పెట్టె తెరుస్తాడు. లోపల నగలు, నోట్ల కట్టలు. అతను తీసుకునేది ఒక్క కాగితం. రిజిస్టర్ మొత్తం ఎందుకు తీసుకోడు? ఎత్తుకొస్తే అది దొంగసొత్తు. అక్కడే వదిలేస్తే, రేపు పోలీసులు వచ్చినప్పుడు సాక్ష్యం. ఆ కాగితం కూడా టీచరమ్మ ఫీజు కట్టి తీసుకున్న సొంత వస్తువే. అంటే మన హీరో ఆ రాత్రి కన్నం వేశాడు కానీ విలన్ సొత్తు పూచికపుల్ల కూడా ముట్టుకోలేదు.

పథకం అల్లేటప్పుడు ప్రతి ముడి దగ్గరా "ఇలా ఎందుకు, అలా ఎందుకు కాదు?" అని అడిగి జవాబు రాసుకోండి. ఆ జవాబులన్నీ కథలోకి రానక్కర్లేదు. మీ దగ్గర ఉంటే చాలు, వాక్యాల్లో ధీమా వస్తుంది.

ఐదో మెట్టు: ఏది చూపాలి, ఏది దాచాలి

పథకం మొత్తం ముందే చెబితే క్లైమాక్స్ చప్పబడుతుంది. మొత్తం దాచి చివర్లో గుమ్మరిస్తే పాఠకుడు మోసపోయానని విసుక్కుంటాడు. మధ్యేమార్గం ఉంది. చేతల్ని చూపండి, కారణాల్ని దాచండి.

మన కథలో చూపేవి: టీచరమ్మ ఫీజు మాట, హీరో సాయంత్రం ఒక కవరు మీద స్టాంపు అంటించడం, పైకప్పు మీదుగా వెళ్ళడం, నగల వైపు చూసి కూడా ముట్టుకోకపోవడం. దాచేవి: కవరు ఎవరికో, కాగితం ఎందుకో. ఆఖరి సీనులో టీచరమ్మ కవరు లోంచి సర్టిఫికెట్ తీయగానే పాఠకుడి తలలో ఈ నాలుగూ వాటంతటవే జతకూడాలి. హీరో వచ్చి వివరించాల్సిన అవసరం రాకూడదు. మీ చిత్తుప్రతిలో హీరో రెండు పేజీలు వివరణ ఇస్తున్నాడంటే, ముందు సీన్లలో ఏదో నాటడం మరిచిపోయారన్నమాట. వెనక్కి వెళ్ళి నాటండి.

ఒక్క నియమం మాత్రం తప్పొద్దు. కథ హీరో మనసులోంచి చెబుతూ అతనికి తెలిసింది దాస్తే అది అన్యాయం. అందుకే ఈ కథల్ని హీరో పక్కనున్నవాళ్ళ కళ్ళతో చెప్పడం మంచిది. రాఫిల్స్ కథల్ని అతని స్నేహితుడు బన్నీ చెబుతాడు. బన్నీకి తెలియనిది మనకీ తెలియదు, ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండదు. స్నేహితుడు వద్దనుకుంటే కెమెరాలాగా బయటినుంచి మాత్రమే చూస్తూ రాయండి.

ఆరో మెట్టు: పోలీసుని తెలివైనవాడిగా రాయండి

సెయింట్ వెంట చీఫ్ ఇన్‌స్పెక్టర్ క్లాడ్ యూస్టెస్ టీల్ ఉంటాడు. లావుపాటి మనిషి, నిద్రమొహం, నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్. లూపిన్ వెంట గానిమార్ ఉంటాడు. ఈ పోలీసులు కథకి చేసే మేలు చాలా పెద్దది. వీళ్ళు లేకపోతే హీరోకి భయపడాల్సింది ఏమీ లేదు.

పోలీసుని తెలివితక్కువవాడిగా రాస్తే హీరో గెలుపుకి విలువ పోతుంది. మన ఇన్‌స్పెక్టర్ నిజాయితీపరుడు. హీరో ఏదో చేయబోతున్నాడని సరిగ్గానే కనిపెడతాడు. వేలం హాలు బయట సరైన రాత్రి, సరైన టైముకే కాపు కాస్తాడు. తప్పేది ఒక్కచోటే, హీరో దేనికోసం వెళ్ళాడన్న దగ్గర. సీను ఇలా రాయొచ్చు. మొదట ఒక బలహీనమైన రూపం చూడండి.

"నువ్వే దొంగవని నాకు తెలుసు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.
"నన్ను పట్టుకోవడం నీ తరం కాదు!" అన్నాడు హీరో పకపకా నవ్వుతూ.

ఇద్దరూ అరుస్తున్నారు, కథ ముందుకు కదల్లేదు. ఇప్పుడు ఇది:

"ఈ టైంలో ఇక్కడేం చేస్తున్నారు?"
"ఉత్తరం పోస్ట్ చేద్దామని వచ్చానండీ."
"రాత్రి రెండింటికా?"
"పొద్దున మొదటి తపాలాలోనే వెళ్ళాలి. ఒక పెద్దావిడ ఎదురుచూస్తోంది."
"జేబులు చూపించండి."
"తప్పకుండా. మీరు ఆ పోస్టు డబ్బా మీంచి చెయ్యి తీస్తే కోటు దానిమీద పెడతాను. కొత్తది, నేలమీద పెట్టబుద్ధి కావట్లేదు."

ఇన్‌స్పెక్టర్ కోటు దులిపి, అస్తరు తడిమి, చివరికి బూట్లు కూడా విప్పించాడు. ఏమీ దొరకలేదు. తను వెతుకుతున్నది ఇందాకటి నుంచి తన చేతి కిందే ఉంది.

హీరో ఇక్కడ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నిజమే చెప్పాడు, ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. నిజాయితీగల పోలీసుతో హీరో అబద్ధమాడకుండా తప్పించుకోవాలన్న షరతు పెట్టుకుని చూడండి. సంభాషణ దానంతటదే పదునెక్కుతుంది. పాఠకుడికి ఆధారం కూడా దక్కింది. ఆఖరి వాక్యంతో కాగితం ఎక్కడుందో తేలిపోయినా, దాంతో ఏం చేస్తారో ఇంకా తెలియదు. ఆ ఆత్రుతే అతన్ని వేలం హాలు దాకా లాక్కెళ్తుంది.

మరుసటి రోజు ఇన్‌స్పెక్టర్ వేలం హాలుకి వస్తాడు, హీరోని పట్టుకోవడానికే. కానీ టీచరమ్మ సర్టిఫికెట్ తీసినప్పుడు అక్కడున్న సాక్షుల్లో అందరికంటే బరువైన సాక్షి ఆయనే. ఆ కాగితం ఎలా వచ్చిందో ఆయనకి అర్థమవుతుంది. ఆమె వస్తువు ఆమె దగ్గరుంటే అడగడానికేం లేదు. వెంటనే విలన్‌వైపు తిరిగి రిజిస్టర్ చూపించమంటాడు. హీరోని తరిమినవాడే హీరో పని పూర్తిచేశాడు. ఇన్‌స్పెక్టర్ ఓడిపోలేదు, అసలు నేరస్తుణ్ణి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా గౌరవం మిగులుతుంది, తర్వాతి కథకి అది పనికొస్తుంది.

ఏడో మెట్టు: పక్క పాత్రలు

ఎక్కువమంది వద్దు. స్నేహితుడో స్నేహితురాలో ఒకరు చాలు. సెయింట్ తొలి కథల్లో ప్యాట్రీషియా హోమ్ ఉంది. రక్షించబడడానికి ఎదురుచూసే అమ్మాయి కాదు, అతనితో సమానంగా ప్రమాదంలోకి దిగే మనిషి. మీ పక్క పాత్రకి హీరో చేయలేని పని ఒకటి చేతనవ్వాలి, హీరోని ప్రశ్నించే హక్కు ఉండాలి. "ఈసారి నువ్వు చేస్తున్నది తప్పు" అనగలిగే మనిషి పక్కనుంటే హీరోలో గర్వం ముదరదు.

ఎనిమిదో మెట్టు: కన్నం వేసే సీను

ఇక్కడ చాలామంది తాళాల సాంకేతికతలో కూరుకుపోతారు. ఇనప్పెట్టె ఎలా తెరుచుకుంటుందో పాఠకుడికి అక్కర్లేదు. తెరుచుకునేలోపు ఏం వినబడింది, ఎంత టైముంది, ఎవరు వస్తున్నారు, ఇవి కావాలి. ఒక చప్పుడు, ఒక వెలుతురు, శరీరంలో ఒక ఇబ్బంది తీసుకోండి. కింద కాపలా ముసలాయన దగ్గు వినబడుతోంది. దగ్గు దూరంగా ఉంటే ఆయన గేటు దగ్గరున్నట్టు, దగ్గరైతే మెట్ల మీదున్నట్టు. ఇక 'అతను చాలా భయపడ్డాడు' అని రాయక్కర్లేదు, దగ్గు ఆగిపోయిందని రాస్తే సరిపోతుంది.

ఇక్కడే ఏదో ఒకటి తప్పిపోవాలి. పథకం అనుకున్నట్టే సాగితే హీరో తెలివి ముందురోజుది. అప్పటికప్పుడు ఆలోచించినప్పుడే మనం అతని మనసు చూస్తాం. ఉదాహరణకి, రిజిస్టర్ దొరికింది కానీ టీచరమ్మ పేజీలో సర్టిఫికెట్ లేదు. గుండుసూది గుచ్చిన రంధ్రం మాత్రం ఉంది. అంటే విలన్ దాన్ని ఈమధ్యే బయటికి తీశాడు. ఎందుకు? రేపటి వేలంలో ఆ పెయింటింగ్ ఉంది కాబట్టి, ఇక ఆధారం ఉండకూడదనుకున్నాడు. హీరో చెత్తబుట్ట చూస్తాడు. ఖాళీ. బల్ల మీద చూస్తాడు. రేపటి వేలం జాబితా ఉంది, అందులో పేజీ గుర్తుకి పెట్టుకున్న కాగితం మడత. అదే. చింపేసే ముందు ధర సరిచూసుకోవడానికి అక్కడ పెట్టి మరిచిపోయాడు. పరిష్కారం హీరో అదృష్టం కాకుండా విలన్ అలవాటు కావాలి. అందుకే విలన్ కాగితాలు ఎక్కడపడితే అక్కడ పేజీ గుర్తుగా పెట్టే మనిషని, హీరో అతన్ని మొదటిసారి కలిసే సీనులోనే ఒకసారి చూపించి ఉంచండి.

తొమ్మిదో మెట్టు: వరస, నిడివి

మొదటిసారి రాసేవాళ్ళకి ఐదు సీన్లు, నాలుగైదు వేల పదాలు సరిపోతాయి. టీచరమ్మ గోడు. హీరో కొనుగోలుదారుగా విలన్‌ని కలవడం, అదే చోట కాపలా ముసలాయన పరిచయం. రాత్రి కన్నం. వీధిలో ఇన్‌స్పెక్టర్. వేలం హాలు. రెండో సీనుని తొందరగా ముగించకండి. హీరో, విలన్ ఎదురెదురుగా మర్యాదగా కూర్చుని ఒకరినొకరు అంచనా వేసుకునే ఆ నాలుగు పేజీలే ఈ రకం కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. పైకి అంతా పెయింటింగుల గురించి మాట, లోపల యుద్ధం. విలన్ తన పనితనం గురించి గర్వంగా చెప్పుకుంటూ, హీరోకి కావలసినవన్నీ తన నోటితోనే అందించేయాలి.

వేలం హాలు సీనులో మాత్రం వేగం కావాలి. చిన్న వాక్యాలు. పాట పెరుగుతున్న అంకెలు, టీచరమ్మ లేవడం, నిశ్శబ్దం, సంతకం, హీరో బేరం, సుత్తి. ఇక్కడ వర్ణనలు పెట్టొద్దు.

పదో మెట్టు: తిరగరాయడం

చిత్తుప్రతి అయ్యాక రెండురోజులు పక్కన పెట్టి, నాలుగుసార్లు వేరువేరుగా చదవండి. మొదటిసారి విలన్‌గా: ఇంతకంటే తెలివైన దారి నాకు ఉందా? ఉంటే ఆ దారి మూసేయండి. రెండోసారి ఇన్‌స్పెక్టర్‌గా: నాకు తెలిసిన వివరాలతో నేను ఇంకాస్త ముందే కనిపెట్టేవాణ్ణా? మూడోసారి టీచరమ్మగా: నన్ను ఎవరైనా జాలిగా చూసి వదిలేశారా? నాలుగోసారి హీరో మాటలు మాత్రమే బయటికి చదవండి. ఏ మాటైనా తన తెలివిని తనే మెచ్చుకుంటున్నట్టు వినబడితే కొట్టేయండి. ఇతరులు అతన్ని పొగడొచ్చు, అతను మాత్రం పొగుడుకోకూడదు.

ఈ కథలో హీరోకి డబ్బేమీ మిగలదు. మొదటి కథకి అదే మంచిది, అతను ఎలాంటివాడో తిరుగులేకుండా స్థిరపడుతుంది. రెండో కథలో సెయింట్‌లాగా వాటా తీసుకునేలా రాయాలనుకుంటే నిక్షేపంగా రాయండి. కాకపోతే ఆ వాటా బాధితుల సొమ్ములోంచి కాకుండా విలన్ జేబులోంచే రావాలి, ఎంత తీసుకున్నాడో బాధితులకి దాపరికం లేకుండా తెలియాలి.

సిరీస్‌గా రాద్దామనుకుంటే ఇప్పుడే ఒక పుస్తకం పెట్టుకోండి. ఇన్‌స్పెక్టర్‌కి హీరో గురించి ఏమేం తెలిసిపోయింది, విలన్లలో ఎవరు జైల్లో ఉన్నారు, ఎవరు బయటున్నారు, హీరో గీతల్లో ఏది పరీక్షకి వచ్చింది, ఏది ఇంకా రాలేదు, ఇవన్నీ కథ కథకీ రాసిపెట్టుకోవాలి. పరీక్షకి రాని గీత ఏదైనా మిగిలి ఉంటే తర్వాతి విలన్‌ని దాన్నిబట్టే ఎంచుకోండి. ప్రాణం తీయనన్నవాడి ఎదుట, ప్రాణం తీస్తే తప్ప ఆగడనిపించే మనిషిని నిలబెట్టండి.